7805 నుంచి 7.5 వోల్టులు: స్థిర వోల్టేజీ రెగ్యులేటరు అవుట్‌పుట్‌ను సరిగ్గా మార్చుకునే పద్ధతి

ఐదు సెల్లులతో నడిచే పాత రేడియోకు 7.5 వోల్టులు కావాలి, చేతిలో మాత్రం 5 వోల్టులే ఇచ్చే 7805 రెగ్యులేటరు ఐసీ ఉంది, దాన్ని ఎలా పెంచాలి అన్న ప్రశ్న ఒంగోలు, కావలి, సింగరాయకొండ ప్రాంతాల్లో సరదాగా సర్క్యూట్లు కట్టుకునే మిత్రుల నుంచి నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవారిలో చాలామంది అప్పటికే రెండు రెసిస్టర్లతో ప్రయత్నించి, కాగితం మీద 7.5 వేసుకుని, మీటరులో 8 చూసి ఆగిపోయినవారే.

వారి లెక్కలో తప్పిపోయేది దాదాపు ఎప్పుడూ ఒకటే. రెగ్యులేటరు గ్రౌండు కాలు (మూడింటిలో మధ్యది) నుంచి కొన్ని మిల్లీ యాంపియర్ల కరెంటు నిరంతరం బయటికి వస్తూ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ కరెంటు ఒక్కో ఐసీకి ఒక్కో రకంగా ఉంటుంది. అందువల్ల ముందు మీ ఐసీని కొలిచి, ఆ తరువాతే లెక్క వేయాలి. ఈ మార్గదర్శిని ఆ క్రమంలోనే రాశాను.

1. ఈ పద్ధతి మీకు తగినదేనా

కావలసింది 6, 8, 9, 12, 15 వోల్టులలో ఏదైనా అయితే ఈ శ్రమ అవసరం లేదు. 7806, 7808, 7809, 7812, 7815 విడిగా దొరుకుతాయి, వాటినే వాడండి. 5.6, 7.5 వంటి మధ్య విలువలకు, లేదా దుకాణం అందుబాటులో లేక ఉన్నదానితోనే పని ముగించవలసినప్పుడు ఈ పద్ధతి పనికి వస్తుంది.

వోల్టేజీని పెంచడం మాత్రమే సాధ్యం. 7805ను ఈ దారిలో 5 కంటే కిందికి దించలేము. 3.3 వోల్టులు కావలసిన మాడ్యూళ్లకు అందుకోసమే తయారైన ఏఎంఎస్1117-3.3 పెట్టుకోవాలి. విస్తృతమైన పరిధిలో మార్చుకునే సప్లై కావాలంటే ఎల్ఎం317 వాడాలి, అది 1.25 వోల్టుల నుంచి మొదలవుతుంది.

లిథియం బ్యాటరీ ఛార్జింగుకు, ప్రాణంతో ముడిపడిన వైద్య పరికరాలకు ఈ అమరికను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. గ్రౌండు కాలి దగ్గర ఒక్క టంకం విడిపోయినా అవుట్‌పుట్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. రేడియో పాడైతే బాగు చేసుకోవచ్చు, లిథియం సెల్లు అంటుకుంటే అంత తేలికగా పోదు.

2. సమకూర్చుకోవలసినవి

ఇక్కడ ఉదాహరణగా 12 వోల్టుల డీసీ అడాప్టరు నుంచి 7.5 వోల్టులు, పావు యాంపియరు లోడుకు (సప్లై నుంచి కరెంటు తీసుకునే పరికరానికి) తీసుకుందాం.

- 7805 ఐసీ (వెనుక లోహపు రేకు ఉన్న పెద్ద రకం) ఒకటి, వీలైతే రెండు
- 12 వోల్టుల అడాప్టరు, కనీసం 0.5 యాంపియరుది
- 220, 100, 82, 10 ఓముల పావు వాట్ రెసిస్టర్లు, వీలైతే ఒక శాతం రకం
- 100 ఓముల ప్రీసెట్టు (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టరు), 68 ఓముల రెసిస్టరు (విలువ వెతుక్కోవడానికి మాత్రమే)
- 0.33 మైక్రోఫారడ్ కెపాసిటరు (మీద 334 అని ఉంటుంది), 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు (104 అని ఉంటుంది)
- 1ఎన్4007 డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది)
- 33 ఓముల 5 వాట్ల తెల్ల సిరామిక్ రెసిస్టరు, పరీక్ష లోడుగా
- హీట్ సింకు (ఐసీ వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క), మైకా రేకు (వేడిని పోనిచ్చి కరెంటును ఆపే పలుచని పొర), స్క్రూకు తొడిగే ప్లాస్టిక్ బుష్, హీట్ సింకు పేస్టు
- డిజిటల్ మల్టీమీటరు, బ్రెడ్‌బోర్డు

రెసిస్టర్ల రంగులను వెలుతురులో చూసి, మీటరుతోనూ కొలిచి విడివిడిగా పెట్టుకోండి. నాలుగు పట్టీల రకంలో 220 ఓములకు ఎరుపు, ఎరుపు, గోధుమ. 22 ఓములకు ఎరుపు, ఎరుపు, నలుపు. మూడో పట్టీలో గోధుమను నలుపుగా పొరబడితే 220 ఉండవలసిన చోట 22 చేరి, దాని గుండా 0.2 యాంపియరుకు పైగా ప్రవహిస్తుంది. పావు వాట్ రెసిస్టరులో ఒక వాట్‌కు మించిన వేడి పుట్టి అది మాడిపోతుంది.

3. కాళ్లను గుర్తించడం

అక్షరాలు ఉన్న వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ కాలు ఇన్‌పుట్, మధ్యది గ్రౌండు, కుడిది అవుట్‌పుట్. వెనుక లోహపు రేకు లోపల గ్రౌండు కాలితో కలిసి ఉంటుంది. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకోండి, పెట్టెలో బిగించేటప్పుడు దీనితోనే పని పడుతుంది.

ఈ క్రమం లోహపు రేకు ఉన్న 78 వరుస ఐసీలకు మాత్రమే. మైనస్ వోల్టేజీ ఇచ్చే 79 వరుసలోనూ, ఎల్ఎం317లోనూ కాళ్ల క్రమం వేరు. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి కనుక పాత బోర్డు నుంచి ఊడదీసిన ఐసీ అయితే అక్షరాలు చదివిన తరువాతే వాడాలి.

4. లెక్కకు ముందు కొలత

ఓపిక పెట్టవలసిన చోటు ఇదే. 7805 అంటే కచ్చితంగా 5.00 వోల్టులు అని కాదు. గది ఉష్ణోగ్రతలో 4.8 నుంచి 5.2 వరకు ఎక్కడ ఉన్నా అది మంచి ఐసీయే. గ్రౌండు కాలి కరెంటు సాధారణంగా 4 నుంచి 5 మిల్లీ యాంపియర్లు ఉంటుంది, 8 వరకు ఉన్నా తయారీదారుల హద్దులోనే ఉన్నట్టు. ఈ రెండు సంఖ్యలూ మీ చేతిలోని ఐసీకి ఎంతో తెలియకుండా ఎంత జాగ్రత్తగా లెక్క కట్టినా ఊహే అవుతుంది.

మీటరును మిల్లీ యాంపియరు రేంజిలో పెట్టి గ్రౌండు కాలికి వరుసలో కలపమని కొందరు చెబుతారు. అలా చేయవచ్చు, కానీ మీటరు తీగ కదిలినప్పుడల్లా గ్రౌండు కాలు గాలిలో వేలాడుతుంది. అంతకంటే క్షేమమైన దారి ఇది.

క్రమం:

- బ్రెడ్‌బోర్డులో 7805 గుచ్చండి. ఇన్‌పుట్ నుంచి గ్రౌండు లైనుకు 0.33, అవుట్‌పుట్ నుంచి గ్రౌండు లైనుకు 0.1 కెపాసిటర్లు, కాళ్లకు వీలైనంత దగ్గరగా పెట్టండి.
- మధ్య కాలిని నేరుగా గ్రౌండు లైనుకు కలపకుండా, ముందే కొలిచి పెట్టుకున్న 100 ఓముల రెసిస్టరు ద్వారా కలపండి. ఇప్పటికి ఇంకే రెసిస్టరూ వద్దు.
- 12 వోల్టులు ఇచ్చి, మూడు నిమిషాలు ఆగండి.
- అవుట్‌పుట్ కాలికీ మధ్య కాలికీ నడుమ వోల్టేజీ కొలవండి. ఇది ఐసీ సొంత వోల్టేజీ.
- 100 ఓముల రెసిస్టరు రెండు కొనల మధ్య వోల్టేజీ కొలవండి. ఆ సంఖ్యను 100తో భాగిస్తే గ్రౌండు కాలి కరెంటు వస్తుంది.
- అవుట్‌పుట్ నుంచి గ్రౌండు లైనుకు 33 ఓముల సిరామిక్ రెసిస్టరు కలిపి, పది సెకన్లలో రెండు కొలతలూ మళ్లీ రాసుకుని తీసేయండి.

ఉదాహరణకు, సొంత వోల్టేజీ 4.97, రెసిస్టరు మీద 0.46 వోల్టులు వచ్చాయనుకుందాం. అంటే గ్రౌండు కాలి కరెంటు 4.6 మిల్లీ యాంపియర్లు. లోడు పెట్టినప్పుడు ఈ కరెంటు కొద్దిగా మారవచ్చు. అర మిల్లీ యాంపియరు లోపు మార్పు సహజం. అంతకంటే బాగా ఎక్కువ ఊగితే, లేదా లోడు పెట్టగానే సొంత వోల్టేజీ అర వోల్టు పడిపోతే, ఆ ఐసీ నకిలీదో దెబ్బతిన్నదో అయి ఉంటుంది. రెండోది తీసుకోమని అందుకే చెప్పాను.

5. లెక్క

అవుట్‌పుట్ కాలికీ గ్రౌండు కాలికీ మధ్య ఉండేదాన్ని పై రెసిస్టరు అని, గ్రౌండు కాలికీ అసలు గ్రౌండుకూ మధ్య ఉండేదాన్ని కింది రెసిస్టరు అని పిలుద్దాం.

రెగ్యులేటరు తన అవుట్‌పుట్‌కూ తన గ్రౌండు కాలికీ మధ్య సొంత వోల్టేజీని నిలబెట్టడం ఒక్కటే చేస్తుంది. కనుక పై రెసిస్టరులో కరెంటు స్థిరంగా ఉంటుంది. ఆ కరెంటూ, గ్రౌండు కాలి కరెంటూ కలిసి కింది రెసిస్టరు గుండా దిగినప్పుడు అక్కడ ఎంత వోల్టేజీ ఏర్పడితే, అంత మేర గ్రౌండు కాలు పైకి లేస్తుంది. దానితోపాటు అవుట్‌పుట్ కూడా లేస్తుంది.

పై రెసిస్టరు 220 ఓములు అనుకుంటే:

- పై రెసిస్టరు కరెంటు: 4.97 ÷ 220 = 22.6 మిల్లీ యాంపియర్లు
- గ్రౌండు కాలి కరెంటు: 4.6 మిల్లీ యాంపియర్లు
- కింది రెసిస్టరులో మొత్తం: 27.2 మిల్లీ యాంపియర్లు
- లేపవలసిన వోల్టేజీ: 7.5 − 4.97 = 2.53
- కింది రెసిస్టరు: 2.53 ÷ 0.0272 = 93 ఓములు

82, 10 ఓములను వరుసగా కలిపితే 92 అవుతుంది. దానితో అవుట్‌పుట్ 7.47 వోల్టులు. సెల్లులతో నడిచే రేడియోకు ఇంతకంటే కచ్చితత్వం అవసరం లేదు.

గ్రౌండు కాలి కరెంటును వదిలేసి ఇదే లెక్క వేస్తే ఏమవుతుందో చూడండి. 5 వోల్టులు, 22.7 మిల్లీ యాంపియర్లు అనుకుని 2.5ను భాగిస్తే 110 ఓములు వస్తుంది. అది పెట్టినప్పుడు నిజంగా దిగే కరెంటు 27.2 కనుక అవుట్‌పుట్ 7.96కు చేరుతుంది. మొదట్లో చెప్పిన 8 వోల్టుల చిక్కు ఇదే.

పై రెసిస్టరు ఎంత ఉండాలన్నది మరో ప్రశ్న. కరెంటు వృథా అవుతుందని కొందరు 1000 ఓములు పెడతారు. అప్పుడు దాని గుండా వెళ్లేది సుమారు 5 మిల్లీ యాంపియర్లే కనుక, కింది రెసిస్టరులో దాదాపు సగం కరెంటు ఐసీ నుంచి వచ్చినదే అవుతుంది. కింది రెసిస్టరు 264 ఓములు కావాలి. గ్రౌండు కాలి కరెంటు అర మిల్లీ యాంపియరు మారితే అవుట్‌పుట్ 0.13 వోల్టులు కదులుతుంది. 220 ఓముల అమరికలో అదే మార్పుకు కదలిక 0.05 వోల్టులకు లోపే. మరీ తగ్గించి 100 ఓములు పెడితే ఆ రెసిస్టరు ఒక్కటే పావు వాట్ వేడిని మోయాలి, అప్పుడు అర వాట్ రకం కావాలి. 220 దగ్గర అది 0.11 వాట్‌తో చల్లగా ఉంటుంది. అందుకే 7805కు 220నే నేను స్థిరపరచుకున్నాను.

6. అమర్చే క్రమం

కరెంటు తీసేసిన తరువాతే ఈ క్రమం మొదలుపెట్టండి. రేడియోను దరిదాపులకు తీసుకురాకండి.

ముందుగా, కొలతకు పెట్టిన 100 ఓముల రెసిస్టరును తీసేసి, పై రెసిస్టరు 220 ఓములను అవుట్‌పుట్, మధ్య కాళ్లకు కలపండి. తరువాత కింది భాగంలో 68 ఓముల రెసిస్టరుకు వరుసగా 100 ఓముల ప్రీసెట్టు పెట్టండి. ప్రీసెట్టు మధ్య కాలిని దాని ఒక చివరి కాలితో కలిపి ముడివేయండి. లోపలి తిరుగుడు పలక ఎప్పుడైనా పట్టు తప్పినా, ప్రీసెట్టు పూర్తి విలువతో మార్గం మిగిలి ఉంటుంది. ముడి వేయకపోతే మార్గమే తెగిపోతుంది.

ఆ తరువాత 1ఎన్4007 డయోడును అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు కలపండి. తెల్ల పట్టీ ఉన్న కొన ఇన్‌పుట్ వైపు ఉండాలి. అడాప్టరు ఆపినప్పుడు, రేడియోలోని పెద్ద కెపాసిటరులో నిలిచిన వోల్టేజీ రెగ్యులేటరు గుండా వెనక్కి పోకుండా ఈ డయోడు పక్కదారి చూపుతుంది. ఇది ఖర్చు తక్కువ పని, మానవద్దు.

కెపాసిటర్ల రెండో కొనలు అసలు గ్రౌండుకే వెళ్లాలి, మధ్య కాలికి కాదు.

కరెంటు ఇచ్చే ముందు చూసుకోవలసినవి:

- మధ్య కాలి నుంచి గ్రౌండు లైనుకు మీటరుతో కొలిస్తే 68 నుంచి 168 ఓముల మధ్య చూపాలి
- అవుట్‌పుట్, మధ్య కాళ్ల మధ్య రెసిస్టరు కాళ్లు గట్టిగా దిగి ఉండాలి
- డయోడు పట్టీ ఇన్‌పుట్ వైపే ఉండాలి
- అడాప్టరు పిన్నులో ప్లస్ లోపలా బయటా అన్నది మీటరుతో తేల్చుకోవాలి

ఇప్పుడు కరెంటు ఇచ్చి, అవుట్‌పుట్‌కూ అసలు గ్రౌండుకూ మధ్య కొలుస్తూ ప్రీసెట్టును నెమ్మదిగా తిప్పి 7.5కు తీసుకురండి. కరెంటు ఆపి, కింది భాగం మొత్తాన్ని బయటికి తీసి ఓములలో కొలవండి. మన లెక్కలోని 93కు దగ్గరగా ఉండాలి. ఆ విలువను స్థిర రెసిస్టర్లతో కట్టి పెట్టండి.

ప్రీసెట్టునే శాశ్వతంగా ఉంచవచ్చు కదా అని అడుగుతారు. నేను ఉంచను. మన తీరప్రాంతపు ఉప్పుగాలికి తెరిచి ఉన్న చవక ప్రీసెట్టు పట్టు ఏడాది రెండేళ్లలో చెడుతుంది. కొత్తపట్నం వైపు ఒక ఇంట్లో పెట్టిన సప్లైలో అదే జరిగి, రేడియో తరచూ గరగరలాడేది. స్థిర రెసిస్టర్లు పెట్టిన తరువాత ఆ ఫిర్యాదు రాలేదు.

7. లోడుతో పరీక్ష

లోడు లేకుండా 7.5 చూపించడం పరీక్ష కాదు. 33 ఓముల సిరామిక్ రెసిస్టరును అవుట్‌పుట్‌కు కలిపితే సుమారు 0.23 యాంపియరు తీసుకుంటుంది. అది బాగా వేడెక్కుతుంది కనుక చేతితో పట్టుకోకుండా, బల్ల మీద పింగాణీ పలకపైన ఉంచండి. ఈ పరీక్షకు ముందే ఐసీకి హీట్ సింకు బిగించి ఉండాలి.

లోడు పెట్టగానే ఒకసారి, పది నిమిషాల తరువాత మరోసారి కొలవండి. 0.1 వోల్టు వరకు తగ్గడం సహజమే. గ్రౌండు కాలిని లేపినప్పుడు ఐసీకి సహజంగా ఉన్న చిన్న కుంగుబాటు కూడా అదే నిష్పత్తిలో, ఇక్కడ దాదాపు 1.4 రెట్లు, పెరుగుతుంది. అంతకు మించి పడితే ముందు ఇన్‌పుట్‌ను కొలవండి. 7805కు ఇన్‌పుట్ ఎప్పుడూ అవుట్‌పుట్ కంటే కనీసం 2 వోల్టులు పైన ఉండాలి. అవుట్‌పుట్ 5 నుంచి 7.5కు పెరిగితే, ఇన్‌పుట్ కూడా 7 కాక 9.5కు పైన ఉండాలి. 9 వోల్టుల అడాప్టరుతో ఈ పని ఎందుకు కావడం లేదని అడిగేవారికి సమాధానం ఇదే.

8. వేడి లెక్క, ముఖ్యంగా ఎండాకాలంలో

రెగ్యులేటరు మీద మిగిలే వోల్టేజీని లోడు కరెంటుతో గుణిస్తే అందులో పుట్టే వేడి తెలుస్తుంది. 12 నుంచి 7.5 తీసేస్తే 4.5, దాన్ని 0.25తో గుణిస్తే సుమారు 1.1 వాట్లు.

హీట్ సింకు లేని 7805 ఒక్కో వాట్‌కు సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే 1.1 వాట్‌కు 72 డిగ్రీల పెరుగుదల. డిసెంబరులో 25 డిగ్రీల గదిలో అది 97, ఏ ఇబ్బందీ లేదు. రోహిణీ కార్తెలో గది 42 దాటి, మూసిన పెట్టె లోపల 50కి చేరినప్పుడు అదే ఐసీ లోపలి ఉష్ణోగ్రత 122 అవుతుంది. పని చేయవలసిన హద్దు 125, లోడు కాస్త పెరిగినా అది దాటిపోతుంది. చలికాలంలో కట్టి, బాగుందని సంతృప్తిపడిన సప్లై మే నెలలో మధ్యాహ్నం ఆగి ఆగి పనిచేయడానికి కారణం ఇదే. హద్దు మరీ దాటినప్పుడు ఐసీ లోపలి రక్షణ దాన్ని ఆపివేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుంది.

వాట్‌కు 20 డిగ్రీల స్థాయి చిన్న హీట్ సింకు పెడితే, ఐసీ లోపలి నుంచి రేకు వరకు 5, మైకాకు ఒకటి రెండు కలుపుకున్నా మొత్తం 27 లోపే. 1.1 వాట్‌కు పెరుగుదల 30 డిగ్రీలు. పెట్టె లోపల 50 ఉన్నా 80 దగ్గర నిలుస్తుంది. హీట్ సింకు ఎంపికను నెల్లూరు, ఒంగోలు ఎండలను దృష్టిలో పెట్టుకునే చేయండి.

9. హీట్ సింకు బిగింపు: గ్రౌండు కాదు, గ్రౌండు కాలు

మామూలు 7805 రేకును లోహపు పెట్టెకు నేరుగా బిగించవచ్చు, ఎందుకంటే రేకూ పెట్టే రెండూ గ్రౌండే. మన అమరికలో రేకు గ్రౌండు కంటే 2.5 వోల్టులు పైన ఉంటుంది. పెట్టె గ్రౌండుకు కలిసి ఉండగా నేరుగా బిగిస్తే కింది రెసిస్టరు పక్కదారి పట్టి, అవుట్‌పుట్ తిరిగి 5 వోల్టులకు వస్తుంది.

మొదటిసారి నేను కట్టినప్పుడు బల్ల మీద 7.5 చూపిన సర్క్యూట్ పెట్టెలో పెట్టగానే 5 చూపింది. రెండు రోజులు రెసిస్టర్లు మార్చి చూశాను, చివరికి స్క్రూ వదులు చేయగానే 7.5 వచ్చింది. బల్ల మీద ఒక వోల్టేజీ, పెట్టెలో మరో వోల్టేజీ వస్తే ముందుగా స్క్రూనే అనుమానించండి.

- రేకుకూ హీట్ సింకుకూ మధ్య మైకా, రెండు వైపులా పలుచగా పేస్టు
- స్క్రూకు ప్లాస్టిక్ బుష్
- బిగించిన తరువాత, కరెంటు లేకుండా, రేకుకూ పెట్టెకూ మధ్య మీటరు బీప్ మోగకూడదు, ఓములలో కింది రెసిస్టరు విలువకు గణనీయంగా తక్కువ చూపకూడదు

10. కొద్దిగా మాత్రమే లేపాలంటే: డయోడు పద్ధతి

5.6 లేదా 6.2 వోల్టులు కావాలంటే రెసిస్టర్ల లెక్క అవసరం లేదు. పై రెసిస్టరు లేకుండా, మధ్య కాలికీ గ్రౌండుకూ మధ్య ఒక 1ఎన్4007 పెట్టండి. పట్టీ గ్రౌండు వైపు ఉండాలి. గ్రౌండు కాలి కరెంటు దాని గుండా దిగి సుమారు 0.6 వోల్టు ఏర్పడుతుంది. రెండు డయోడ్లు వరుసగా పెడితే సుమారు 1.2. గ్రౌండు కాలి కరెంటులో వచ్చే చిన్న మార్పులను డయోడు పెద్దగా పట్టించుకోదు, ఇది దాని గొప్ప సౌకర్యం. వేడికి మాత్రం ఒక్కో డయోడు డిగ్రీకి 2 మిల్లీ వోల్టుల చొప్పున తగ్గుతుంది.

అవుట్‌పుట్ వరుసలో ఒక డయోడు తప్పనిసరైన చోట, అంటే బ్యాకప్ బ్యాటరీ నుంచి వెనక్కి కరెంటు రాకుండా అడ్డుపెట్టిన చోట, ఈ 0.6 పెంపు ఆ లోటును పూడుస్తుంది.

జీనరు డయోడు (తిరగేసి కలిపితే ఒక నిర్ణీత వోల్టేజీ దగ్గర నిలిచే రకం) పెట్టేటప్పుడు దిశ మారుతుంది, పట్టీ మధ్య కాలి వైపు ఉండాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1ఎన్4733 జీనరు మీద 5.1 వోల్టులు అని చెప్పేది 49 మిల్లీ యాంపియర్ల దగ్గర. గ్రౌండు కాలి నుంచి వచ్చే 5 మిల్లీ యాంపియర్లతో అది 5.1 కంటే తక్కువే చూపుతుంది. అర వాట్ బీజడ్ఎక్స్ రకాల జీనర్ల విలువలు చాలావరకు 5 మిల్లీ యాంపియర్ల దగ్గరే చెప్పినవి కనుక, ఈ పనికి అవే నప్పుతాయి.

11. అడాప్టరు బదులు ట్రాన్స్‌ఫార్మరు వాడేవారికి

స్విచ్చింగ్ అడాప్టర్లు మీడియం వేవ్ రేడియోలో గరగర పుట్టిస్తాయి. అందువల్ల రేడియో కోసమే కడుతున్నవారు ట్రాన్స్‌ఫార్మరును ఎంచుకోవడం సమంజసమే. అయితే సరఫరా వోల్టేజీ పడిపోయినప్పుడు అడాప్టరు తట్టుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోదు.

12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, బ్రిడ్జి డయోడ్లతో (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లతో) 230 దగ్గర శిఖరం సుమారు 15.5 వోల్టులు. రొయ్యల చెరువుల ఏరియేటర్లు రాత్రంతా తిరిగే ఊళ్లలో లైను 180కి పడితే అదే శిఖరం 11.9 అవుతుంది. మొత్తం 0.28 యాంపియరుకు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు మీద అల (వోల్టేజీ శిఖరం నుంచి లోయకు దిగే ఊగిసలాట) 2.8 వోల్టుల వరకు ఉంటుంది, అంటే లోయ 9.1 దగ్గర. మనకు కావలసిన 9.5కు అది చాలదు. రేడియోలో 100 హెర్ట్జ్ గుయ్‌మనే హమ్ మొదలవుతుంది. 2200 మైక్రోఫారడ్ పెడితే అల 1.3కు తగ్గి లోయ 10.6 దగ్గర నిలుస్తుంది. కనుక 2200 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటరే పెట్టండి.

లైను బాగున్న వేళ ఇన్‌పుట్ 15 దాటుతుంది కనుక వేడి రెండు వాట్లకు దగ్గర పడుతుంది. ఇక్కడ 1.1 వాట్ లెక్క కుదరదు, హీట్ సింకును ఒక మెట్టు పెద్దది తీసుకోండి. 230 వోల్టుల వైపు ఫ్యూజు, ప్రతి అతుకుకూ స్లీవు తప్పనిసరి. ఆ వైపు పని ముగిసే వరకు ప్లగ్గు గోడలో ఉండకూడదు.

12. గుర్తులను బట్టి లోపాన్ని పట్టడం

అవుట్‌పుట్ ఇన్‌పుట్ కంటే 2 వోల్టులే తక్కువగా ఉంటే: గ్రౌండు కాలి దారి ఎక్కడో తెగింది. కింది రెసిస్టరు రెండు అతుకులనూ మళ్లీ కాచండి.

5 వోల్టులే వస్తుంటే: మైకా చిరిగింది, బుష్ లేదు, లేదా కింది రెసిస్టరు రెండు కొనలూ ఒకే లైనులో పడ్డాయి.

లెక్క కంటే అర వోల్టు ఎక్కువ: గ్రౌండు కాలి కరెంటును కలపలేదు, లేదా పాత ఐసీ కొలతతో కొత్త ఐసీ పెట్టారు. ఐసీ మారిన ప్రతిసారీ నాలుగో అంచె మళ్లీ చేయాలి.

వోల్టేజీ సరిగానే ఉండి రేడియోలో సన్నని కూత: 0.33, 0.1 కెపాసిటర్లు దూరంగా ఉన్నాయి. పొడవు తీగలు కత్తిరించి ఐసీ కాళ్ల మొదట్లోకి తీసుకురండి.

కాసేపు పనిచేసి ఆగిపోయి మళ్లీ వస్తుంటే: వేడి. ఎనిమిదో అంచె.

13. పెట్టెలో పెట్టి మూసే ముందు

రేడియోను కలిపే ముందు దాని సాకెట్టులో ప్లస్, మైనస్ ఎటున్నాయో సెల్లుల గది తీగలతో పోల్చి తేల్చుకోండి. పాత సెట్లలో లోపలి పిన్ను మైనస్‌గా ఉన్నవి చాలా ఉంటాయి.

టంకం అతుకులను స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పలుచగా వార్నిష్ పూయండి. సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో ఇది లేకపోతే రాగి పచ్చబడుతుంది. హీట్ సింకు పేస్టు ఉన్నచోట, గాలి రంధ్రాల దగ్గర వార్నిష్ పడకుండా చూడండి.

చివరగా ఒక చీటీ మీద ఐసీ సొంత వోల్టేజీ, గ్రౌండు కాలి కరెంటు, పై, కింది రెసిస్టర్ల విలువలు, లోడుతో వచ్చిన అవుట్‌పుట్, తేదీ రాసి మూత లోపలి వైపు అంటించండి. ఐదేళ్ల తరువాత దాన్ని విప్పేది మీరైనా, మీ ఊరి మెకానిక్ అయినా, ఏ ఐసీకి ఏ రెసిస్టరు ఎందుకు పెట్టారో ఆ చీటీ చూసి తెలుసుకుంటారు.